నేల కంపించని భూకంపం

తెల్లవారి ఇంకా ఐదున్నర కాలేదు. బత్తలపల్లి రోడ్డు పక్కన ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతున్నాయి. ముదిగుబ్బ తట్టు నుంచి ఒకటి, తాడిమర్రి తట్టు నుంచి ఇంకొకటి. దిగేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చంకలో బిడ్డ, భుజాన తువ్వాలు, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. ఆ కవర్లో నాలుగు మడతలు పెట్టిన పాత మందుల చీటీ, ఓ ఆధార్ కార్డు, దారిలో తినడానికి కట్టుకున్న చద్ది. ఓపీ చీటీ కిటికీ తెరవడానికి చాలా పొద్దుంది. అయినా చెప్పులు అప్పుడే వరసలో నిలబడ్డాయి.

యాడికి పోతాండావు అని దారిలో ఎవరిని అడిగినా ఆసుపత్రికి అనరు, ‘ఆర్డీటీకి’ అంటారు. బడికి, బ్యాంకుకు, ధర్మవరానికి పోతున్నామన్నంత మామూలుగా.

ఈ ఆసుపత్రిని పెట్టినాయన సమాధి కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఆయన పుట్టింది 1920 ఏప్రిల్ 9న, స్పెయిన్‌లోని బార్సిలోనాలో. పోయింది 2009 జూన్ 19న, అనంతపురంలో. వాళ్ల భాషలో ఆయన పేరు విసెంటే. మన పత్రికలు విన్సెంట్ ఫెర్రర్ అని రాస్తాయి. పల్లెల్లో మాత్రం ఆయన ఒట్టి ‘ఫాదర్’. ఆ పిలుపులో ఓ తమాషా ఉంది. 1970లోనే ఆయన మత గురువు వస్త్రం విడిచేసి పెళ్లి చేసుకుని ఇల్లు కట్టుకున్నాడు. చర్చి లెక్కలో అప్పటికే ఆయన ఫాదర్ కాడు. జనం మాత్రం ఆ తర్వాత ముప్పై తొమ్మిదేళ్లూ ఆ పిలుపు మార్చలేదు.

2025లో ఆయన పేరు మళ్లీ వీధుల్లో వినబడింది. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ)కు విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడింది. ఆసుపత్రి మూతపడుతుందేమో, పిల్లల చదువులు ఆగిపోతాయేమోనని జనం అనంతపురంలో రోడ్డెక్కారు. పార్టీల జెండాలు వేరైనా డిమాండు ఒకటే. ఒక స్వచ్ఛంద సంస్థ కోసం ఇంతమంది ఎండలో నిలబడటం మన రాష్ట్రంలో తరచూ కనబడేది కాదు. ఎందుకు నిలబడ్డారో తెలియాలంటే కథ వేరే చోట మొదలుపెట్టాలి.

తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు

1993 సెప్టెంబరు 30. అంతకు ముందు రాత్రి మహారాష్ట్ర ఊళ్లలో వినాయక నిమజ్జనం. ఊరేగింపులు ముగించుకుని అలసిపోయి నిద్రపోయిన జనం మీద లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో ఇళ్లు కూలిపోయాయి. రాయీ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలవి. వేసవిలో చల్లగా ఉంచిన ఆ గోడలే సమాధులయ్యాయి. కిల్లారి చుట్టుపక్కల పదివేల మంది దాకా పోయారు. హైదరాబాదులోనూ మంచాలు కదిలాయి.

తెల్లారేసరికి లోకమంతా అక్కడే ఉంది. సైన్యం, డాక్టర్లు, రామకృష్ణ మఠం వాళ్లు, కాథలిక్ నన్‌లు, ప్రొటెస్టెంట్ చర్చి సంస్థలు, సంఘ్ కార్యకర్తలు, కెమెరాలు. శవాల దగ్గర మతం అడిగినవాళ్లు లేరు. యాభైకి పైగా గ్రామాలను కొత్త చోటికి మార్చి కట్టారు. చిక్కు ఆ తర్వాత వచ్చింది. గుబాళ్ అనే ఊళ్లో దాతలు గుండ్రటి గోపురాల్లాంటి ఇళ్లు కట్టించారు. భూకంపానికి అవి గట్టివే. కానీ గుండ్రటి గోడకు బీరువా ఆనదు, మంచం ఆనదు, పటం తగిలించడానికీ కుదరదు. ఎడ్లబండి నిలపడానికి వాకిలి లేదు. ఇచ్చినవాడి మనసు మంచిదే, ఉండేవాడిని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

పెద్ద ఉపద్రవం తర్వాత మన దేశంలో చర్చి సంస్థలు పరుగెత్తుకు రావడం కొత్త కాదు. దేశ విభజన నాటి కాందిశీకుల కోసం 1947లోనే ప్రొటెస్టెంట్ చర్చిలు ‘కాసా’ అనే సహాయ సంస్థ పెట్టుకున్నాయి. కాథలిక్కులు 1962లో కారితాస్ ఇండియా పెట్టారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు గుడి, మసీదు, చర్చి మూడూ అన్నం వండాయి. నీరు తీసింది, శవాలు కాల్చారు, బట్టలు పంచారు. కొన్ని నెలల తర్వాత చాలామంది వెళ్లిపోయారు. వెళ్లిపోవడం తప్పేమీ కాదు. ఉపద్రవానికి మొదలూ తుదీ ఉన్నప్పుడు సాయానికీ ఒక తుది ఉంటుంది.

తుది కనబడని ఉపద్రవం అయితే?

కెమెరాకు అందని విపత్తు

అనంతపురంలో నేల కంపించలేదు. ఇల్లు ఒక్క నిమిషంలో కూలలేదు, యాభై ఏళ్లు తీసుకుని కూలింది. ముందు బావి ఎండింది. తర్వాత ఎద్దులు అమ్ముడుపోయాయి. తర్వాత మగవాళ్లు బెంగళూరుకు మట్టిపనికి పోయారు. తర్వాత ఆడవాళ్లూ పోయారు. ఇంటికి తాళం వేసి, ముసలమ్మను అరుగు మీద వదిలి సుగ్గికి, అంటే వలసకూలికి, పోయారు. ఇందులో ఏ రోజు ఫొటో తీయాలో ఏ పత్రికకు తెలుస్తుంది?

కారణం చెప్పడం తేలికే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపుకుంటాయి, వాటి అవతలి నీడలో ఈ పీఠభూమి ఉంది. ఈశాన్య రుతుపవనం కోస్తాలోనే అలసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. జైసల్మేరు తర్వాత దేశంలో అతి తక్కువ వాన మాదేనని ఇక్కడ బడిపిల్లలు కూడా ఒప్పజెబుతారు. నిజానికి అసలు బాధ మొత్తంలో లేదు. ఆ 550 ఎప్పుడు పడుతుందో మేఘానికే తెలియదు. గొర్రు కట్టడానికి జూన్‌లో పదును కావాలి, కాయ ఊరడానికి ఆగస్టులో తడి కావాలి. ఆ రెండు అదనుల్లోనూ ఎండి, కాయలు పీకి కుప్ప వేసిన తర్వాత కుండపోత పడితే లెక్కలో మాత్రం ‘సాధారణ వర్షపాతం’.

ఈ జూదం మీదే ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో చెనిక్కాయ వేశారు. కొర్ర, సజ్జ, ఆరికె పోయి ఎర్రనేలంతా ఒకటే పంట. పంట పోయిన ఏడాది ఇంట్లోకి గింజా ఉండదు, పశువుకు కట్టెచొప్పా ఉండదు. బొమ్మనహాళ్ మండలం దర్గా హోన్నూరు దగ్గరికి వెళ్తే వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి పాకి ఉంటాయి. ఎడారి సీను కావాలంటే సినిమావాళ్లు అక్కడికే వస్తారు.

▌పెట్టె: కరువుకు పెట్టిన పేర్లు
ఉప్పెనకు ఊరి పేరు పెడతాం, కరువుకు ఏడాది పేరు పెడతాం. 1832-33 నాటి గుంటూరు కరువు ‘నందన కరువు’. ఎముకలు తేలిన మనుషుల్ని చూసి ‘డొక్కల కరువు’ అనీ అన్నారు. గుంటూరు ప్రాంతంలోని ఐదు లక్షల జనంలో దాదాపు రెండు లక్షలమంది చనిపోయారని అంచనా. 1876-78 నాటిది ‘ధాత కరువు’. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది మందిని మింగింది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. విడి జిల్లా అయింది 1882లో. 1952లో రాయలసీమ మళ్లీ ఎండినప్పుడు ఊరూరా గంజి కేంద్రాలు వెలిశాయి. ఆ ఆకలిలోంచే విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ కావ్యం వచ్చింది.

కాలువ తవ్విన దొర

ధాత కరువులో సర్కారు కరువు పనులు పెట్టింది. ఖర్చు తగ్గించడానికి భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, రోజంతా రాళ్లు కొట్టే మనిషికి ఒక పౌను తిండిగింజలు చాలన్నాడు. ఇప్పటి కొలతలో అరకిలో కూడా కాదు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. ఆ తిండితో పని చేయిస్తే మనుషులు రాలిపోతారని లెక్కలతో చూపించాడు. చివరకు కూలి పెంచక తప్పలేదు.

అదే సమయంలో ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు పాదిరీ ఉన్నాడు. మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే చేసినవాడు, గొలుసూ కొలతా తెలిసినవాడు. ఊరికే గంజి పోయడం కన్నా పని ఇవ్వడం మేలనుకుని, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వేరే చోట మాదిగ కూలీకి తిట్టూ కొట్టూ కూడా దక్కేవి. ఇక్కడ కొలిచినంతకు కూలి దక్కింది. ఆ మాట ఊళ్లకు పాకింది.

ఇక్కడే కథ మెలిక తిరుగుతుంది. కరువు పనికి వచ్చినవాళ్లు వేల సంఖ్యలో మతం తీసుకుంటామన్నారు. క్లౌ ఒప్పుకోలేదు. కూలి డబ్బు చేతులు మారుతున్నంత కాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనని ఏడాదికి పైగా ఆపాడు. సహాయం పని ముగిశాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని అందరికీ తెలిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చాడు.

ఆ అంకె మీద దాదాపు నూట యాభై ఏళ్లుగా వాదన నడుస్తోంది. అన్నం పెట్టి మతం కొన్నాడని ఒకరంటారు. అన్నం ఆగాకే కదా వచ్చారని మరొకరు. నాకు మాత్రం ఈ వాదనలో ఆ 2,222 మంది గొంతు వినబడదు. వాళ్లు గంజికో దేవుడికో మాత్రమే వచ్చి ఉండరు. బావి దగ్గరికి రానివ్వని ఊళ్లో పుట్టినవాళ్లు, తమను పేరు పెట్టి పిలిచి, కొలిచి కూలి ఇచ్చిన మనిషి వెనక నడిచారు. దాన్ని ఆశ అనాలా, ఆత్మగౌరవం అనాలా?

సాయానికీ మతానికీ మధ్య క్లౌ పట్టించుకున్న ఆ తేడా తర్వాతి కాలంలో అందరూ పట్టించుకున్నారని చెప్పలేం. దళిత క్రైస్తవుల మీద ఇంకో ముడి 1950లో పడింది. రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి షెడ్యూల్డు కులం గుర్తింపు ఉండదు. అందుకే మన పల్లెల్లో చాలామందికి ఆదివారానికి ఒక పేరు, ఆఫీసు కాగితానికి ఇంకో పేరు.

మన్మాడ్ నుంచి తరిమితే

ఫెర్రర్‌కు ఆకలి పుస్తకంలో చదివిన విషయం కాదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో కుర్రవాడిగా ఎబ్రో నది దగ్గర పోరాడి, ఓడిన పక్షంతో ఫ్రాన్స్ సరిహద్దు దాటి, ముళ్లకంచె వెనక శిబిరంలో ఉన్నాడు. 1944లో జెస్యూట్లుగా పిలిచే యేసు సభలో చేరి, 1952లో బొంబాయిలో ఓడ దిగాడు. తర్వాత నాసిక్ జిల్లా మన్మాడ్ చేరాడు. అక్కడి రైతులతో ఆయన పెట్టుకున్న ఒప్పందం సాదాసీదాది. నువ్వు బావి తవ్వు, తవ్వినన్నాళ్లూ నీ ఇంటికి గోధుమలు, నూనె నేనిస్తాను.

బావుల్లో నీళ్లు పడ్డాయి. నీళ్లు పడితే అప్పిచ్చే షావుకారుకు, కూలికి పిలిచే భూస్వామికి ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. మతం మారుస్తున్నాడన్న ఫిర్యాదులు పైకి వెళ్లాయి. 1968లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. వేలాది రైతులు మన్మాడ్ నుంచి బొంబాయి దాకా రెండు వందల కిలోమీటర్లకు పైగా నడిచి వెళ్లి ఆయన కోసం నినాదాలు చేశారు. చివరకు ఇందిరాగాంధీ మధ్యేమార్గం చూశారు. ఫాదర్ కొన్నాళ్లు విదేశంలో సెలవు గడిపి వస్తారు, వస్తే స్వాగతమే అన్న అర్థంలో తంతి ఇచ్చారు. వెళ్లగొట్టిన మాట నిలిచింది, తలుపూ మూసుకోలేదు.

1969లో తిరిగొచ్చాడు. మహారాష్ట్ర వద్దంది, ఆంధ్రప్రదేశ్ రమ్మంది. ఇంతకన్నా ఎండిన చోటు లేదనుకున్నాడో ఏమో, అనంతపురం ఎంచుకున్నాడు. మన్మాడ్ ఉదంతం గురించి రాయడానికి వెళ్లిన ఇంగ్లిషు యువ పాత్రికేయురాలు అన్నే పెరీ ఆయన వెంటే వచ్చేసింది. 1970లో యేసు సభను వదిలి ఆమెను పెళ్లాడాడు.

సంస్కరణ కావాలంటే ముందు నమ్మకం కావాలి. నమ్మకానికి పట్టే కాలం సహాయ లారీలకు ఉండదు. తెల్లవాడు వచ్చాడు, పిల్లల్ని ఎత్తుకుపోతాడేమో, బొట్టు తీయిస్తాడేమో అన్న గుసగుసలు ఏళ్ల తరబడి నడిచాయి. అవి పోయింది ఉపన్యాసాలతో కాదు. పదో ఏడూ ఆయన ఇక్కడే ఉన్నాడు, ఇరవయ్యో ఏడూ ఉన్నాడు. ఉండిపోయిన మనిషిని ఎంతకాలమని అనుమానిస్తారు?

ఇల్లు ఆమె పేరు మీద

ఆర్డీటీ పని ఇప్పుడు మూడు వేలకు పైగా ఊళ్లకు విస్తరించింది. ఆ పట్టిక అంతా ఇక్కడ పెట్టను. ఒక్క ఇంటి సంగతి చెబుతాను. ఎస్సీ కాలనీలో, తండాలో ట్రస్టు కట్టించే ఇల్లు సాదా చదరపు ఇల్లు. ముందు అరుగు, వెనక బండ. గోపురం లేదు, వింత లేదు. మంచం గోడకు ఆనుతుంది. ఒకే ఒక్క వింత కాగితంలో ఉంది: ఇల్లు భార్య పేరు మీద రాస్తారు. తాగి వచ్చి బయటికి పో అనే హక్కు ఆ కాగితంతో చేయి మారింది. గుబాళ్ గోపురాలు కట్టినవాళ్లు భూకంపాన్ని ఆలోచించారు. ఇక్కడ కట్టినవాళ్లు రాత్రి పది గంటలకు ఆ ఇంట్లో జరిగేదాన్ని ఆలోచించారు.

మిగిలినవి వరసగా వచ్చాయి. చెక్‌డ్యాములు, చీనీ, మామిడి మొక్కలు, డ్రిప్ గొట్టాలు, చూపులేని పిల్లలకూ వినికిడి లేని పిల్లలకూ బడులు, కళ్యాణదుర్గంలో, కణేకల్‌లో ఆసుపత్రులు. మతం ఊసు? చర్చి కట్టలేదు, బాప్తిస్మం ఇవ్వలేదు. క్లౌ దొర ఏడాదికి పైగా ఆపిన దాన్ని ఈ మాజీ పాదిరీ జీవితమంతా పక్కన పెట్టాడు.

అంతా ఆర్డీటీయే చేసిందని కాదు. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు 1990ల నడుమ ఏడు వందలకు పైగా ఊళ్లకు పైపుల్లో తాగునీరు తెచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకర్లు పోయిన ఊళ్లకు అది మామూలు మేలు కాదు. ఒకే జిల్లాలో బాబా నీళ్లు తాగి ఫాదర్ ఆసుపత్రికి పోయే మనిషికి ఇందులో ఏ వైరుధ్యమూ కనబడదు. వైరుధ్యం చూసేవాళ్లు బయటినుంచి వస్తారు.

▌పెట్టె: ఎండలో పచ్చిక
2020లో కరోనా వచ్చినప్పుడు బత్తలపల్లి ఆసుపత్రి కోవిడ్ ఆసుపత్రిగా మారింది. అంతకుముందు నుంచే ఇక్కడ హెచ్‌ఐవీ రోగులకు పెద్ద ఎత్తున చికిత్స జరుగుతోంది. అనంతపురం శివార్లలో ట్రస్టు నడిపే క్రీడా గ్రామంలో 2010లో రఫెల్ నాదల్ టెన్నిస్ బడి మొదలైంది. నాదలే వచ్చి ప్రారంభించాడు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు కూడా ఇక్కడే జరిగాయి. ఫెర్రర్‌కు 1998లో స్పెయిన్ ‘ప్రిన్స్ ఆఫ్ ఆస్టురియాస్’ పురస్కారం ఇచ్చింది.

మింగుడుపడని మాటలు

దండలు వేయడం ఒక్కటే పత్రికల పని కాదు కాబట్టి రెండు మాటలు.

యాభై ఏళ్ల సేవ తర్వాత కూడా అనంతపురం బోర్లు పాతాళానికి పోతూనే ఉన్నాయి. 1990ల చివరి నుంచి రైతు ఆత్మహత్యల వార్తల్లో ఈ జిల్లా పేరు వస్తూనే ఉంది. ఇళ్లు కట్టవచ్చు, ఆసుపత్రి కట్టవచ్చు. చెనిక్కాయ ధరను, కరెంటు మోటారు పోటీని, అప్పుల చక్రాన్ని ఒక ట్రస్టు తిప్పలేదు. ఇంకోటి: ట్రస్టు చేస్తోంది కదా అని సర్కారు చేతులు కట్టుకుంది. పక్క మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డాక్టరు లేకపోయినా ఎవరూ గొడవ చేయరు, ఆర్డీటీ ఉందిగా! ఒక సంస్థ మూతపడుతుందన్న మాటకు జిల్లా అంతా వణికిందంటే, ఆ వణుకులో సర్కారు మీద నమ్మకం ఎంత మిగిలిందో కూడా తెలుస్తోంది.

విదేశీ సొమ్ము మీద నిఘా కొత్త కాదు. మొదటి చట్టం ఎమర్జెన్సీ కాలంలో 1976లో వచ్చింది, 2010లో కొత్తది, 2020లో ఇంకా బిగించారు. డబ్బు ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంక్ శాఖ ద్వారానే రావాలి, పాలనా ఖర్చు ఇరవై శాతం దాటకూడదు. బయటి డబ్బుకు లెక్క అడగడం న్యాయమే. కానీ ఆ లెక్కలో ఐదున్నరకు వరసలో పెట్టిన చెప్పులూ ఉండాలి కదా.

అక్కడ కంపిస్తే ఇక్కడ

ఈ డబ్బు ఎక్కడిది? ఎక్కువ భాగం స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలది. టీచర్లు, గుమస్తాలు, పింఛనుదార్లు. ఒక్కొక్కరు ఒక్కో బిడ్డ చదువుకు నెలనెలా కొంత పంపుతారు. బిడ్డ ఉత్తరం రాస్తుంది, బొమ్మ గీస్తుంది. అనంతపురం తండాలో ఓ ఇంటి గోడ మీద దేవుడి పటం పక్కన ఎవరో స్పెయిన్ ముసలి దంపతుల ఫొటో ఉండటం ఇక్కడ ఆశ్చర్యం కాదు.

2008 తర్వాత ఆ దేశం ఆర్థికంగా కుప్పకూలింది. 2012 నాటికి అక్కడ పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. బార్సిలోనాలో ఎవరికో జీతం ఆగితే బుక్కరాయసముద్రంలో బడి ఫీజు ఆగే పరిస్థితి. ఫెర్రర్ లేడు. పగ్గాలు అన్నే, కొడుకు మాంచో చేతికి వచ్చాయి. మన డబ్బు మనమే వేసుకుందామన్న మాట అప్పుడే గట్టిగా లేచింది. పల్లెల్లో ఇంటింటికీ చిన్న హుండీలు వెళ్లాయి. ఒకప్పుడు సాయం తీసుకున్న ఇళ్లే ఇప్పుడు చిల్లర వేయడం మొదలుపెట్టాయి.

హుండీ గూట్లో దీపం పక్కన ఉంటుంది. కూలి డబ్బు వచ్చిన సాయంత్రం అందులో ఐదో పదో పడుతుంది. వాన తప్పిన ఏడు తేలిగ్గా ఉంటుంది. అయినా పిల్లలు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల ఎంత పడిందో వింటుంటారు.